గురివింద తీగ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు ఒక పల్లె. పెరటి కంచె మీద చాలా ఏళ్లుగా గురివింద పెంచుతున్నాను. చూసినవాళ్లలో సగం మంది గింజలు అడుగుతారు, మిగతా సగం మంది "అయ్యో, విషం కదండీ, పీకెయ్యండి" అంటారు. ఇద్దరికీ చెప్పే జవాబులు ఒకచోట ఉంటే మంచిదని ఇది రాశాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ముందు విషం గురించిన ప్రశ్నలు చదవండి, పెంపకం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గురివింద అంటే ఏ మొక్క? బఠాణీ జాతి అంటారు, నిజమేనా?

నిజమే. చిక్కుడు, కంది, బఠాణీ ఉన్న ఫాబేసి కుటుంబంలోదే ఇదీ. శాస్త్రీయ నామం ఆబ్రస్ ప్రికటోరియస్. రెండో మాటకు ప్రార్థనకు సంబంధించినదని అర్థం, ఈ గింజలతో జపమాలలు కట్టేవారు కాబట్టి ఆ పేరు. సంస్కృతంలో గుంజ. మన దగ్గర గురివింద, గురిగింజ అని రెండు రకాలుగానూ అంటాం.

సన్నటి తీగ. మొదలు ముదిరి కర్రలా అవుతుంది, పైకొమ్మలు పచ్చగా, దారంలా ఉండి దొరికినదాన్ని చుట్టుకుంటూ పోతాయి. ఆకు అచ్చం చింతాకులా ఉంటుంది. ఒక్కో ఈనెకు పది నుంచి ఇరవై జతల చిన్న ఆకులు. పువ్వు లేత గులాబీ, ఊదా కలిసిన రంగులో, బఠాణీ పువ్వు ఆకారంలోనే ఉంటుంది గానీ బాగా చిన్నది. ఒక తేడా మాత్రం భూతద్దం పెట్టి చూడాల్సిందే. బఠాణీ పువ్వులో పది కేసరాలు ఉంటాయి, గురివింద పువ్వులో తొమ్మిదే.

కాయ రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు. ఎండాక పగిలి, తొక్కలు వెనక్కి మెలితిరుగుతాయి. గింజలు రాలిపోకుండా నెలల తరబడి అలాగే అంటిపెట్టుకొని ఉంటాయి. ఎండిన కంచె మీద ఆ ఎరుపు దూరం నుంచే పట్టేస్తుంది.

బండి గురివింద, ఇది ఒకటేనా?

కాదు. బండి గురివింద పెద్ద చెట్టు. దాని గింజ మొత్తం ఎర్రగా ఉంటుంది, నల్ల మచ్చ ఉండదు, కాస్త బల్లపరుపుగా కూడా ఉంటుంది. స్కూలు ఆవరణల్లో పిల్లలు ఏరుకునేది చాలాసార్లు అదే. తీగ గురివింద ఎర్ర గింజకు ఒక చివర నల్ల మచ్చ తప్పనిసరి. తెల్ల గింజల గురివింద కూడా ఉంది, అది ఈ మొక్కలోనే వేరే రకం. తెల్లది కదా, విషం ఉండదులే అనుకోవద్దు.

మన జిల్లాల్లో ఎక్కడ కనిపిస్తుంది?

ఎండ బాగా తగిలే తుప్పల్లో, గుట్టల అంచుల్లో, పొలం గట్ల మీద, పాత కంచెల్లో చూడండి. తాటిచెట్టు మొదట్లో పెరిగే గుబురు కూడా దీనికి ఇష్టం. మెట్ట ప్రాంతం ఎర్రనేలల్లోనూ, శ్రీకాకుళం తీరం వైపు ఇసక నేలల్లోనూ పెరుగుతుంది. వరి మడిలోనూ, నీళ్లు నిలిచే పల్లంలోనూ వెతికితే దొరకదు. చీకటిగా ఉండే దట్టమైన అడవి లోపల కూడా తక్కువే, దానికి అంచు కావాలి.

ఇది ఎవరో తెచ్చి నాటిన మొక్క కాదు, ఈ నేలదే. అందుకే దీని గురించి అడిగినప్పుడల్లా నాకు ఓపిక వస్తుంది.

మా చిన్నప్పుడు ప్రతి డొంక దారిలో ఉండేది. ఇప్పుడు ఎందుకు కనపడటం లేదు?

కంచెలు మారిపోయాయి, అదే అసలు కారణం. మునుపు కంచె అంటే జెముడు, వావిలి, కిత్తనార, సీమచింత. అది పెరిగేది, చిగురించేది. దాని మీద దొండ, గురివింద, తిప్పతీగ పాకేవి. పిట్ట గూడు కట్టేది, తొండ పాకేది. ఇప్పుడు సిమెంటు స్తంభాలు పాతి ముళ్లతీగ లాగుతున్నాం. తీగ పాకడానికి ఇనుప తీగ ఉంటే చాలదా అని అడుగుతారు. పాకడానికి చాలు. కానీ మొలక మొదటి ఏడాది బతకాలంటే తుప్ప నీడ, రాలిన ఆకు, పశువు నోటికి అందకుండా కాస్త ముళ్లు ఉండాలి. ముళ్లతీగ కింద కలుపుమందు కొడితే ఇంక ఏమీ మిగలదు.

డొంక దారులు రోడ్లయినప్పుడు రెండు పక్కల తుప్పలూ జేసీబీ ఒక్క పూటలో లాగేస్తుంది. రోడ్డు కావాలి, నేను వద్దనను. ఒక పక్క తుప్ప ఉంచినా ఈ తీగ బతుకుతుందని మాత్రం అడిగిన ప్రతిచోటా చెబుతున్నాను.

ఎలాంటి నేల కావాలి?

నీరు ఇంకిపోయే నేల ఏదైనా సరే. ఎర్రనేల, గరప, ఇసక, రాళ్లున్న గట్టు, అన్నిట్లో వస్తుంది. సారం తక్కువైనా ఫర్వాలేదు. పప్పు జాతి మొక్కలకు ఉన్నట్టే దీని వేళ్లకూ బుడిపెలు ఉంటాయి, వాటిలోని బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అందుకే యూరియా వెయ్యకండి. వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గుతుంది.

బంకమట్టి నేలైతే కంచె వెంబడి ఒక జానెడు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి. నేను మొదటిసారి చెరువు మట్టి తెచ్చి గుంత నిండా పోశాను, మొక్కకు మంచి చేస్తున్నాననుకొని. ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. మొదలు దగ్గర నల్లబడి కుళ్లిపోయింది. నాలుగు మొక్కల్లో ఒకటి కూడా దక్కలేదు. మరుసటి ఏడాది అదే కంచెకు పది గజాల దూరంలో, గులకరాళ్లున్న చోట ఊరికే వేసిన గింజ ఇప్పటికీ ఉంది.

ఎండ ఎంత? నీళ్లు ఎన్నిసార్లు?

రోజులో కనీసం ఐదారు గంటల ఎండ ఉండాలి. పాక్షికంగా నీడ ఉన్నా బతుకుతుంది గానీ కాపు తగ్గుతుంది. మంచు గడ్డకట్టే చలి తట్టుకోలేదు, ఆ బాధ మనకు ఎలాగూ లేదు.

మన జిల్లాల్లో పడే వాన దీనికి సరిపోతుంది. మొదటి వేసవిలో మాత్రం వారానికి ఒకసారి, మొదలు తడిసేలా పొయ్యండి. రెండో ఏడు నుంచి వదిలెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాల్చి పుల్లల్లా కనిపిస్తే చచ్చిపోయిందనుకొని పీకెయ్యకండి. మొదటి వాన పడ్డాక చూడండి.

గింజ నాటి రెండు నెలలైంది, మొలవలేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. గురివింద గింజ తొక్క గాజులా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. ప్రకృతిలో ఎండకు, వానకు, రాపిడికి నెమ్మదిగా ఆ తొక్క పలచబడుతుంది. ఒక గింజ ఈ ఏడు, ఇంకొకటి మూడేళ్లకు మొలుస్తుంది. ఒక్క కరువుకే సంతానమంతా పోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మనకు ఈ ఏడే కావాలంటే తొక్కకు దారి చూపాలి.

గరుకు కాగితంతో రుద్దే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో చెయ్యొద్దని నా సలహా. రుద్దితే వచ్చే పొడిలో విషం ఉంటుంది. వేడినీటి పద్ధతి మేలు. వంటకు వాడని పాత డబ్బా ఒకటి తీసుకోండి. నీళ్లు మరిగించి, దించి, రెండు మూడు నిమిషాలు ఆగి గింజల మీద పొయ్యండి. అలాగే మర్నాటి దాకా ఉంచండి. కొన్ని గింజలు ఉబ్బి, రంగు కాస్త వెలిసినట్టు అవుతాయి. అవి మొలుస్తాయి. ఉబ్బనివి తీసి మళ్లీ అలాగే చెయ్యండి. రెండోసారీ ఉబ్బకపోతే వాటిని కంచె కింద మట్టిలో పూడ్చెయ్యండి, వాటి తీరికన అవే వస్తాయి. చేతికి గ్లౌజులు వేసుకోండి. నీళ్లు జనం, పశువులు తిరగని చోట గుంత తీసి పారబొయ్యండి. ఆ డబ్బా ఇంకెందుకూ వాడకండి.

ఉబ్బిన గింజను వేలి కణుపులో సగం లోతున నాటండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక కనిపిస్తుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, నేల తడిసాక నేరుగా కంచె కిందే వెయ్యడం నాకు బాగా కలిసొచ్చింది. సంచుల్లో పెంచి తర్వాత మార్చితే వేరు కదిలి చాలా మొక్కలు తేరుకోలేదు.

కొమ్మ నాటితే బతకదా?

ముదురు కొమ్మ ఒక్కోసారి బతుకుతుంది. గింజే నయం.

ఎన్నాళ్లకు పూస్తుంది?

మా దగ్గర రెండో ఏడు వానాకాలం చివర మొదటి పూత వచ్చింది. దసరా వెళ్లాక పచ్చికాయలు, సంక్రాంతి దాటాక ఎండి పగిలిన కాయలు. నేలను బట్టి, వానను బట్టి నెల అటూ ఇటూ అవుతుంది.

సాయంత్రం అయ్యేసరికి ఆకులన్నీ వాలిపోతున్నాయి. జబ్బు చేసిందా?

లేదు, నిద్రపోతోంది. చింతచెట్టుకు, అవిసెకు ఉన్న అలవాటే దీనికీ ఉంది. పొద్దున్నే విప్పుకుంటుంది. మబ్బు పట్టినప్పుడు కూడా ఆకుల తీరు మారుతుంది.

దీని వెనక ఒక కథ ఉంది. 1880ల చివర్లో ఆస్ట్రియాకు చెందిన నోవాక్ అనే ఆయన, గురివింద ఆకుల కదలికను చూసి తుపాన్లను, భూకంపాలను కూడా ముందే చెప్పొచ్చని గట్టిగా ప్రచారం చేశాడు. లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనంలో మొక్కను పెట్టి పరీక్షించారు. ఆకులు కదిలేది ప్రధానంగా వెలుతురు మార్పు వల్లేనని తేలింది. తుపాను జోస్యం నిలబడలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసినవాళ్లం మనం. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ముందే చెప్పే తీగ ఉంటే ఎంత బాగుండును. తుపాను వార్త రేడియోలో, ఫోనులో వినండి, దీని ఆకుల్లో చూడకండి.

నిజంగా అంత విషమా? మేం చిన్నప్పుడు గింజలతో ఆడుకున్నాం కదా.

నిజంగానే విషం. గింజలో ఆబ్రిన్ అనే ప్రోటీను ఉంటుంది. ఆముదం గింజలో ఉండే రిసిన్‌కు దగ్గరి చుట్టం, అంతకన్నా తీవ్రమైనది. మన కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే యంత్రాంగాన్నే ఆపేస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో సెలైన్లు పెట్టి, ఒంట్లో నీరు, లవణాలు తగ్గకుండా కాపాడుతూ, కాలేయం, కిడ్నీలు దెబ్బతినకుండా చూసుకుంటూ గట్టెక్కిస్తారు.

మరి ఆడుకున్నా మనకేమీ కాలేదెందుకు? గట్టి తొక్క వల్ల. తొక్క పగలనంత వరకు విషం లోపలే ఉంటుంది. పొరపాటున మొత్తం గింజ మింగితే చాలాసార్లు అలాగే బయటికి వెళ్లిపోతుంది. కొరికినా, నమిలినా, నూరినా, గుచ్చినా ఆ రక్ష పోతుంది. నమిలితే ఒక్క గింజ కూడా పసిబిడ్డ ప్రాణానికి ముప్పే. లేతగా ఉన్న పచ్చి గింజల తొక్క ఇంకా గట్టిపడదు, వాటితో మరీ జాగ్రత్త.

మా మామ్మ మమ్మల్ని గింజలతో ఆడనిచ్చేది గానీ చెయ్యి నోటి దగ్గరికి వెళ్తే చాలు, "నోట్లో ఎట్టుకోకురా గుంటడా, పేణం పోద్ది" అని ఇంత దూరం నుంచే కేకేసేది. ఆవిడకు ఆబ్రిన్ పేరు తెలీదు. కానీ కనిపెట్టుకొని కూర్చునేది. ఇప్పుడు మనకు పేరు తెలుసు, పిల్లల పక్కన కూర్చునే తీరిక లేదు. అందుకే ఐదారేళ్ల లోపు పిల్లలకు ఈ గింజలు ఇవ్వకండి అంటాను.

పిల్లవాడు గింజ మింగేశాడు. ఏం చెయ్యాలి?

టెన్షన్ పడకుండా, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చెయ్యండి. బలవంతంగా వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు, పసరు మందులు పొయ్యకండి. నోట్లో ముక్కలుంటే వేలితో తీసెయ్యండి. ఎన్ని గింజలు, ఎప్పుడు, కొరికాడా లేక మింగాడా అన్నది గుర్తు పెట్టుకోండి. ఒక గింజ కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, గురివింద అని పేరు చెప్పండి.

"బాగానే ఉన్నాడు కదా" అని ఆగడమే ప్రమాదం. లక్షణాలు కొన్ని గంటల తర్వాత మొదలవ్వొచ్చు, ఒకటి రెండు రోజులు కూడా పట్టొచ్చు. వాంతులు, కడుపునొప్పి, రక్తంతో విరేచనాలు, నీరసం. అవి కనిపించేదాకా ఇంట్లో ఉండకూడదు. మా వీధిలో నాలుగేళ్ల పాప ఒకసారి మింగింది. వాళ్ల నాన్న అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు రోజులు ఉంచి చూశారు, గింజ పగలకుండానే బయటికి వచ్చింది. ఆ రెండు రోజులు వీధి వీధంతా అన్నం సయించలేదు. కంచెకు లోపలివైపు వేలాడే కాయలన్నీ ఆ వారమే కోసేశాను, అప్పటినుంచి ప్రతి ఏడూ కోస్తున్నాను.

పశువులకు?

గింజలు వాటికీ విషమే. కాయలున్న కాలంలో కంచె కొట్టిన రొట్ట పశువుల దగ్గర పడెయ్యకండి.

ఆకు తియ్యగా ఉంటుంది, నమిలితే గొంతుకు మంచిది అంటారు కదా?

ఆకు తీపి నిజమే. అందులో అబ్రుసోసైడ్లు అనే పదార్థాలు ఉన్నాయి, అవి పంచదార కన్నా ఎన్నో రెట్లు తీపి. వేరుకు అతిమధురం పోలిక ఉంది. పల్లెల్లో గొంతు బొంగురుపోతే ఆకు నమిలే అలవాటు పాతదే. అయినా నేను ఎవరికీ సిఫారసు చెయ్యను. ఆకు కోసే చెయ్యి గింజ కూడా కోస్తుంది, పక్కన చూసే పిల్లలకు తేడా తెలియదు.

గింజను మందుగా వాడటం వైద్యుల పని. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది, పాలలోనో కాంజికంలోనో (పులిసిన గంజిలోనో) ఉడికించి శుద్ధి చేశాకే వాడతారు. మన దేశంలో మందుల నిబంధనలు కూడా దీన్ని విషద్రవ్యాల జాబితాలో పెట్టి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలంటాయి. యూట్యూబులో చూసి జుట్టుకని, కళ్లకని నూరకండి. కళ్ల విషయంలో మరీను. 1882 నుంచి కొంతకాలం యూరప్ వైద్యులు ట్రకోమా అనే కంటి జబ్బుకు ఈ గింజల కషాయం కంట్లో వేశారు. కళ్లు దెబ్బతిన్నాక మానుకున్నారు.

కంసాలి త్రాసులో గురివింద ఎత్తు అంటే ఎంత?

పాత లెక్కలో తులానికి 96 గురివింద ఎత్తులు. తులం సుమారు 11.66 గ్రాములు, కాబట్టి గురివింద ఎత్తు సుమారు 0.12 గ్రాము. గింజలన్నీ ఒకే బరువు ఉంటాయన్నది సరి కాదు. చిన్నా పెద్దా ఉంటాయి. కంసాలి ఏరి, ఒకదానితో ఒకటి తూచి సరిపోయినవి ఉంచుకునేవాడు. ఆ నేర్పు కంసాలిది. తేమ చొరబడని తొక్క వల్ల గింజ బరువు ఎండకూ వానకూ పెద్దగా మారదు, అది మాత్రం గింజ గొప్పతనమే. నాటినప్పుడు మనల్ని విసిగించే తొక్కే త్రాసులో పనికొచ్చింది. 1956 చట్టంతో మెట్రిక్ తూకాలు వచ్చాక గింజలు డబ్బాలోకి వెళ్లిపోయాయి.

"గురివింద గింజ తన కింద నలుపెరగదు" అనే సామెతలో "కింద" ఎందుకు?

తీగ మీద చూస్తే తెలుస్తుంది. గింజ కాయకు అతుక్కునే బొడ్డు ఆ నల్ల మచ్చలోనే ఉంటుంది. పగిలిన కాయలో ఎరుపు బయటికి, నలుపు అతుక్కున్న వైపుకి ఉంటాయి. గింజను అరచేతిలో మాత్రమే చూసినవాళ్లకు కింద ఏది, పైన ఏది అన్న మాటే తోచదు. కంచె పక్కన నిలబడి చూసినవాళ్లు కట్టిన సామెత ఇది.

వినాయక చవితికి మట్టి విగ్రహానికి కళ్లుగా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, మా ఇంట్లో పెడతాం. రంధ్రం చెయ్యకుండా తడి మట్టిలో అదిమితే చాలు. నిమజ్జనం చేసే ముందు గింజలు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. దండలు గుచ్చడం మాత్రం వద్దు, రంధ్రం చేసిన గింజ అంటే తొక్క పగిలిన గింజే. 2011లో ఇంగ్లండులో ఈడెన్ ప్రాజెక్ట్ అనే ఉద్యానవనం ఈ గింజలతో చేసిన చేతి దండలు అమ్మి, విషమని తెలిశాక కొన్నవాళ్లందరినీ వెనక్కి ఇమ్మని కోరింది.

అపార్టుమెంటు బాల్కనీలో, కుండీలో పెంచొచ్చా?

పెరుగుతుంది. కానీ వద్దంటాను. పగిలిన కాయ గింజ కింది అంతస్తులో ఎవరి పిల్లల ముందు పడుతుందో మనకు తెలియదు. తీగ కావాలంటే శంఖుపుష్పం పెట్టుకోండి, అదీ ఈ కుటుంబమే, పువ్వూ పెద్దది.

అమెరికాలో ఉన్న మా అబ్బాయికి గింజలు పంపొచ్చా?

పంపకండి. ఫ్లోరిడాలో, హవాయిలో ఇది హద్దు మీరి పాకి అక్కడి సొంత మొక్కలను కప్పేస్తోంది. వేరు లోతుగా దిగుతుంది కాబట్టి పీకడమూ కష్టమే. ఇక్కడ కంచె మీద అందంగా ఉండే తీగ అక్కడ పెద్ద తలనొప్పి.

మన దగ్గర అలా అల్లుకుపోదా?

మాకు ఎప్పుడూ కాలేదు. మూడు నాలుగు మీటర్లు పాకి కంచెతో సర్దుకుంటుంది. చిన్న మామిడి, నిమ్మ మొక్కల మీదికి ఎక్కుతుంటే కొమ్మ తుంచి కంచెవైపు తిప్పండి. ఏటా వేసవి చివర, కాయలు లేనప్పుడు ఒకసారి కత్తిరిస్తే చాలు.

గింజలు ఎక్కడ దొరుకుతాయి?

పూజా సామాన్ల కొట్టులో దొరికేవి ఎన్నాళ్లవో తెలియదు, గుచ్చినవి కూడా ఉండొచ్చు. మీ చుట్టుపక్కల తుప్పలే చూడండి. మాఘమాసంలో, ఆకు పలచబడి ఎరుపు కనిపించే వేళ వెళ్లండి. ఒక తీగ నుంచి పది గింజలకు మించి తీసుకోకండి, మిగతావి అక్కడే ఉండాలి. మూత బిగుతుగా ఉండే సీసాలో వేసి, పైన పేరు, "విషం" అన్న మాట రాసి, అటక మీద పెట్టండి. ఆరుద్ర కార్తె వానకు దించండి.